పదసంపద యెవరి సొమ్ము?

మాటలు కూడబెట్టుట యొక పని, భాష నేర్చుట మఱియొక పని. ఈ రెండును ఒకటియే యని తలచుట మన యిండ్లలో నేడు ప్రబలియున్నది. బాలుడు దినమునకు పదేసి చొప్పున కఠినమైన ఆంగ్లపదములను, వాని కెదురుగా నిఘంటువున నున్న నిర్వచనములను వల్లించును. నెల తిరుగునప్పటికి మున్నూరు మాటలు వచ్చినవని తండ్రి లెక్కించి సంతోషించును. ఆ మున్నూరింటిలో నిజముగా బాలునివైనవి యెన్ని యని మాత్రము ఎవ్వరును అడుగరు. ఒక మాట యొకనిది యగుట యనగా నేమి? నిర్వచనము ఒప్పజెప్పినంతమాత్రమున అది యతనిదగునా? ఈ ప్రశ్న పాఠశాలకు సంబంధించినదిగా కనబడును గాని, విచారించి చూడగా నీతికి సంబంధించినదని తేలును.

కడప జిల్లాలోని చక్రాయపేట మండలమును ఉదాహరణముగా తీసికొందము. పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు గండి క్షేత్రము ఈ మండలముననే యున్నది. వానను నమ్ముకొని వేరుసెనగ మొదలగు మెట్టపైరులు వేయు సీమ యిది. ఇచ్చటి పిల్లలకు ఆంగ్లము ఇంటిలో వినబడు భాష కాదు, పుస్తకమునుండియే రావలెను. గండికి సమీపమున ఇడుపులపాయలో 2008 నుండి నడచుచున్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాసంస్థ, పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను చేర్చుకొని ఆఱేండ్లు ఇంజనీరింగు చదివించును. ఆ చదువంతయు ఆంగ్లముననే. అంతవరకు తెలుగున చదివిన బాలిక అచ్చటి తరగతిలో కూర్చుండిన మొదటి దినముననే మాటల కఱవు ఎట్టిదో తెలిసికొనును.

ఈ కఱవును తీర్చుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో సర్కారు పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును నెలకొల్ప నుత్తరువు చేసెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. అటుపిమ్మట ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. 2021లో విద్యార్థుల కిచ్చిన సామగ్రిలో నిఘంటువు కూడ చేరెను. 2022లో దినమునకొక ఆంగ్లపదము నేర్పు కార్యక్రమము మొదలయ్యెను. మాధ్యమమును గూర్చిన వివాదమెట్లున్నను, పేదవాని యింటిలోనికి నిఘంటువు వచ్చుట మంచిదే. వచ్చినదానిని ఎట్లు వాడుకొనవలెననునదే మన ముందున్న ప్రశ్న.

కఠినపదములు పల్లెటూరి పిల్లల కేల యని అడుగువారు కొందఱున్నారు. వారి పిల్లలు మాత్రము పట్టణములలో ఆంగ్లముననే చదువుచుందురు. ఇట్టివారి మాతృభాషాభిమానమును మనము లెక్కింప నక్కఱలేదు. నిఘంటువు పుట్టినదే యీ విధమైన అంతరమును తొలగించుటకు. ఆంగ్లభాషలో ఆంగ్లపదములకే అర్థము చెప్పిన మొదటి నిఘంటువును రాబర్ట్ కాడ్రీ యనునాతడు 1604లో ప్రకటించెను. అందు సుమారు 2,500 పదములు గలవు; అన్నియు కఠినపదములే. లాటిను, గ్రీకు, ఫ్రెంచి మొదలగు భాషలనుండి వచ్చిచేరిన ఆ మాటలు, ఆ భాషలు చదివిన పురుషులకు తెలియుచుండెను. ఇంటనున్న స్త్రీలకును సామాన్యులకును తెలియకుండెను. తన పుస్తకము స్త్రీలకును, చదువు చాలనివారికిని ఉపకరించుటకే యని ఆ గ్రంథకర్త పుస్తకపు మొదటి పుటలోనే చెప్పుకొనెను. కావున కఠినపదమును పదిమందికి పంచిపెట్టుట సంస్కరణకార్యమే. దానిని నేర్వవలదనుట సంస్కరణ కాదు.

అయితే నిర్వచనము ఎంతదూరము నమ్మదగినది? మన తార్కికులు లక్షణమును, అనగా నిర్వచనమును గూర్చి మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. లక్షణమునకు మూడు దోషములు వారు చెప్పిరి. కపిలవర్ణము గలది ఆవు అన్నచో తెల్లని ఆవులు విడిచిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది ఆవు అన్నచో బఱ్ఱెయు మేకయు వచ్చిచేరును; ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది ఆవు అన్నచో ఏ ఆవునకును చెల్లదు, ఇది అసంభవము. మెడక్రింద వ్రేలాడు గంగడోలే ఆవునకు సరియైన లక్షణమని వారి సిద్ధాంతము. ఇప్పుడు మన బాలుడు వల్లించు పట్టీని ఈ గీటురాతిమీద గీసి చూతము.

‘ఫ్రూగల్’ అను మాట కెదురుగా ‘పొదుపుగా వాడుకొనువాడు’ అని యున్నది. బాలుడు దానిని కంఠస్థము చేసి, కఱవు వచ్చిన యేడు రైతు ఫ్రూగల్‌గా బ్రదికెనని వాక్యము వ్రాసెననుకొందము. ఉపాధ్యాయుడు దానికి మార్కులిచ్చును. కాని తినుటకు లేక ఒకపూట మానినవాడు పొదుపరి యగునా? కలిగియుండియు మితముగా వాడుకొనువాడు పొదుపరి, లేనివాడు లేనివాడే. ఇచ్చట అతివ్యాప్తి దోషము తర్కములో ఆగలేదు; దారిద్ర్యమునకు సద్గుణమను పేరు పెట్టుట దాక పోయినది. ‘రెసిలియంట్’ అను మాట యింకను అపాయకరమైనది. క్రిందపడి మరల ఎగిరిలేచుట దాని మూలార్థము. దెబ్బతిని కోలుకొనగలవాడని నేటి యర్థము. వరుసగా పైరు పోయినను ఊరు విడువని రైతును రెసిలియంటని పత్రికలలో కొనియాడుటయు కలదు. ఆతడు ఓర్చుకొనుచున్నాడు గాని కోలుకొనలేదు. ఓర్చుకొనుటకును కోలుకొనుటకును గల భేదము తెలుగుబిడ్డకు సహజముగా తెలిసినదే; కఠినపదము ధగధగలో ఆ భేదము మఱుగుపడినది. ఓర్చుకొనువానిని కోలుకొన్నవాడనుటచే, వానికి చేయవలసిన సహాయము చేయనివారి తప్పు కప్పబడుచున్నది. కావున మాటను తప్పుగా వాడుట భాషాదోషము మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు తోటిమనుష్యునిపట్ల అన్యాయము.

అట్లయిన మాట నేర్చుటకు మార్గమేది? శబ్దమునకును అర్థమునకును గల సంబంధమును తెలిసికొను సాధనములు ఎనిమిదని నైయాయికులు లెక్కించిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదముయొక్క సాన్నిధ్యము. వీనిలో కోశము ఒకటి మాత్రమే యని గమనింపవలెను. శిశువు మొదట నేర్చునది వ్యవహారమువలన. పెద్దవాడు ‘ఆవును తెమ్ము’ అనగా చిన్నవాడు తెచ్చుట బిడ్డ చూచును. ‘ఆవును కట్టుము’ అనగా కట్టుట చూచును. ‘గుఱ్ఱమును తెమ్ము’ అనగా మఱియొకటి తెచ్చుట చూచును. మాటలు మాఱినకొలది వస్తువులును పనులును మాఱుట చూచి, ఏ మాట దేనిదో తానే విడదీసికొనును. చక్రాయపేట బాలునకు ఆంగ్లమున ఈ వ్యవహారము లేదు. అందుచే కోశమొక్కటే వానికి దిక్కైనది. ఇది వాని తప్పు కాదు. కాని ఆ లోటును కోశము తనంతట తాను పూరింపజాలదు.

మన పెద్దలు మాత్రము అమరకోశమును వల్లింపలేదా, దానివలన పండితులు కాలేదా యని యొక ఆక్షేపణ రావచ్చును. వల్లించిరి; వల్లెవేయుట దోషమని నేనును అనను. కాని అమరసింహుడు మాటలను గుంపులుగా కూర్చెను. భూమికి సంబంధించినవి యొకచోట, వనౌషధులు ఒకచోట, బంధువుల పేళ్లు ఒకచోట నుండును. ఒక వస్తువు చుట్టు దాని నామములన్నియు నిలుచును. వల్లించిన బాలుడు పిమ్మట కావ్యములు చదువుచు ఆ మాటలను ఒక్కొక్కదానినే వాక్యములలో కలిసికొనుచుండెను. కంఠస్థము చేసినది గాదెలో పోసిన ధాన్యము. కావ్యపఠనము దానిని వండి తినుట. నేటి మున్నూరు మాటలకు గాదె యున్నది గాని వంట లేదు. పట్టీ ముగిసినపిమ్మట ఆ బాలుడు చదువు ఆంగ్లకథ యేది, వ్రాయు ఉత్తరమేది? పరీక్ష యైన మఱునాడు గాదె ఖాళీ యగుటలో ఆశ్చర్యమేమి?

ఈ విషయమున కడప జిల్లాకు ఒక గొప్ప నిదర్శనము దగ్గఱనే కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కుంఫిణీ ఉద్యోగియై కడపకు వచ్చెను. మన బాలుడు ఆంగ్లము నేర్చుటలో ఎదుర్కొను చిక్కునే ఆతడు తెలుగు నేర్చుటలో ఎదుర్కొనెను. ఏ. డి. క్యాంబెలు రచించిన తెలుగు నిఘంటువు 1821లోనే వెలువడినది. బ్రౌను దానిని వల్లించి తృప్తిపడలేదు. కడపలో బంగళా కొని, పండితులను సొంతధనముతో పోషించి, తాటాకు ప్రతులను తెప్పించి పోల్చిచూపించి, వేమన పద్యములను ఏర్చి 1829లో ప్రకటించెను. 1852లో వెలువడిన ఆతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున గ్రంథములలోని మాటలతోపాటు జనుల నోళ్లలోని మాటలకును చోటు దొరకెను. ముప్పదియేండ్లు మాటలు వినినపిమ్మట ఆతడు వానికి నిర్వచనములు వ్రాసెను. మనము నిర్వచనములు చదివి, మాటలను ఎన్నటికిని వినకయే విడిచిపెట్టుచున్నాము. ఆ నిఘంటువును 1903లో పరిష్కరించి ప్రకటించిన మువ్వురిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారొకరు. స్త్రీవిద్యకును వితంతూద్వాహములకును పాటుపడిన మహాపురుషుడు నిఘంటువు దిద్దుటకు తన కాలము నిచ్చెననిన, మాటల యర్థమును సరిపెట్టుట కూడ ఆయనకు సంస్కరణలో భాగమే యని మనము గ్రహింపవచ్చును. కడపలో బ్రౌను బంగళా యుండిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును ఉన్నవి.

బ్రౌను 1854లో మఱియొక చిన్న నిఘంటువును ప్రకటించెను. అది మిశ్రభాషా నిఘంటువు. ఆనాటి కచేరీలలో తెలుగుతో కలిసి వాడబడు పారసీ, హిందూస్తానీ మొదలగు అన్యదేశ్యపదములు అందున్నవి. రైతు మాటాడు భాష యొకటి, రైతు భూమిని గూర్చి కచేరీ వ్రాయు భాష మఱియొకటి అగుట మనకు క్రొత్త కాదు. జప్తు, జామీను, వకాల్తా మొదలగునవి యొకప్పుడు పల్లెవానిని భయపెట్టిన కఠినపదములే. తరతరములు దెబ్బలు తిని జనులు వాని యర్థము నేర్చుకొనిరి. ఇప్పుడు ఆ స్థానమున ‘మార్ట్‌గేజ్’, ‘గ్యారంటర్’, ‘డిఫాల్ట్’, ‘వేవర్’ వచ్చి కూర్చున్నవి. మరల దెబ్బలు తినియే నేర్వవలెనా? చదివిన బిడ్డ యింటనుండగా ఆ గతి పట్టరాదు.

ఇచ్చట ఒక విశేషము కలదు. ‘మార్ట్‌గేజ్’ అను మాటకు నిర్వచనము బిడ్డకు తెలియును. తాకట్టు అనునది తండ్రికి తెలియును. భూమిని అప్పిచ్చినవాని స్వాధీనమున పెట్టి పంటను వడ్డీక్రింద విడుచుట వేఱు, భూమిని తనయొద్దనే యుంచుకొని పత్రము వ్రాసియిచ్చుట వేఱు, గడువులోగా విడిపింపనిచో క్రయమైపోవునట్లు వ్రాయుట వేఱు అని తండ్రికి అనుభవమున తెలియును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము తాకట్టును ఆఱు విధములుగా విభజించినది. వానిలో మూడింటిని ఆ నిరక్షరాస్యుడు ఎఱుగును. బిడ్డయొద్ద మాట యున్నది, తండ్రియొద్ద వస్తువున్నది. ఇద్దఱును ఒక చాపమీద కూర్చుండి మాటాడుకొన్ననాడు మాటయు వస్తువును కలియును. అప్పుడే ఆ పదము ఆ యింటిదగును. బిడ్డ తండ్రికి నేర్పుచున్నాననుకొనును. నిజమునకు ఇద్దఱును నేర్చుకొనుచుందురు.

కావున నేను ప్రతిపాదించునది యిది. ఒక ఆంగ్లపదము నీదో కాదో తెలిసికొనుటకు, ఆ భాష రానివారికి దాని యర్థము తెలుగున చెప్పిచూడుము. వారు తిరిగి ప్రశ్న వేసినచో, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయగలిగినచో, ఆ మాట నీది. అట్లు చెప్పలేనిచో అది నీయొద్ద ఎరువు సొమ్ము. ‘ఇంపెక్యూనియస్’ అను పదమును నూఱుమాఱులు వల్లించినను మఱచిపోవచ్చును. కాని దానిలోని లాటిను ధాతువునకు ధనమని యర్థమనియు, ఆ ధనశబ్దము పశువను మాటనుండి పుట్టినదనియు తెలిసి, ‘మనము కూడ సొమ్మనగా డబ్బనియు, కొన్ని సీమలలో పశువులనియు అందుము గదా’ అని అవ్వ చెప్పగా విన్న బిడ్డ దానిని మఱచునా? సొమ్ము లేనివాడు ఇంపెక్యూనియస్. రోమకుడును రాయలసీమ కాపును పశువులలోనే తమ కలిమిని లెక్కించుకొనిరన్న యెఱుక ఆ బిడ్డకు అదనముగా లభించినది.

తెలుగున సరియైన మాట లేని పదముల విషయమేమి యని అడుగవచ్చును. అట్టి పదములే మిక్కిలి శ్రద్ధగా నేర్వదగినవి. ఏలయన అవి క్రొత్త మాటతోపాటు క్రొత్త యోచనను తెచ్చును. ‘ప్రైవసీ’ అనుదానికి ఏకాంతమనిన చాలదు. పదుగురిలో నున్నవానికిని అది కావలెను. రహస్యమనిన తప్పు చేసి దాచుచున్నట్లు ధ్వనించును. కూతురికి వచ్చిన ఉత్తరమును ఆమెకంటె ముందు విప్పుట ఏల తగదో పది వాక్యములలో చెప్పవలెను. ఆ పది వాక్యములే దాని నిర్వచనము. 2017లో మన సుప్రీంకోర్టు దీనిని ప్రాథమికహక్కుగా అంగీకరించినది. కాని న్యాయస్థానము అంగీకరించినంతలో ఇంటి తలుపు దానికి తెఱువబడదు. ఇంటిభాషలోనికి వచ్చినప్పుడే తెఱువబడును. ‘కన్సెంట్’ అను మాట యింకను చిత్రమైనది. దానికి సమ్మతి యని సరియైన తెలుగు కలదు. కాని మౌనము అర్ధాంగీకారమను సామెతయు మనకు కలదు. పెండ్లిచూపులనాడు తలవంచుకొని కూర్చున్న కన్యక యొప్పుకొన్నదని ఎందఱు తండ్రులు నిశ్చయింపలేదు! కన్సెంట్ యొక్క అర్థమును నిజముగా నేర్చిన బాలిక ఆ సామెతతో పోరాడక తప్పదు. తెలిసి, స్వేచ్ఛగా, తన నోటితో ‘సరే’ యనునంతవరకు సమ్మతి లేదని ఆమె తన తల్లితో చెప్పవలసివచ్చును. నిర్వచనము వల్లించి ఐదు మార్కులు తెచ్చుకొనిన బాలికకు ఈ చిక్కు రాదు. అందుకే వల్లెవేయుట మనకు అంత సుఖముగా నున్నది.

ఈ సుఖమునకు తోడు మఱియొక దోషమున్నది, అది డంబము. పెద్దమాట ఎదుటివానికి తెలియదని యెఱిగియు, తెలియదు గనుకనే, దానిని ప్రయోగించువారు కలరు. వైద్యుడు రోగి తల్లితోను, గుమాస్తా పింఛను కోసము వచ్చిన ముసలమ్మతోను, చదివిన అల్లుడు చదువని మామతోను ఇట్లు మాటాడుట మనము చూచుచున్నాము. మాట పుట్టినది తెలుపుటకు. దానితో కప్పుట దొంగనాణెము చెలామణి చేయుటవంటిది. నేర్చిన ప్రతి కఠినపదముతోపాటు ఒక ఋణము కూడ మనమీదికి వచ్చును. దానిని తెలియనివారికి విప్పిచెప్పుటయే ఆ ఋణము తీర్చుట.

తల్లిదండ్రులును ఉపాధ్యాయులును చేయదగిన పని కష్టమైనది కాదు. దినమునకు పది మాటలకు మాఱు వారమునకు పది చాలును. ప్రతి మాటకును అది చెల్లునట్టి మనుష్యునో, పనినో తన యూరిలో ఒకదానిని బిడ్డ చూపవలెను. చెల్లినట్లు కనబడియు చెల్లని దానిని మఱియొకదానిని చూపవలెను. అప్పుడు అవ్యాప్తియు అతివ్యాప్తియు రెండును తొలగును. పిమ్మట రాత్రి భోజనమైన తరువాత ఇంటనున్న చదువురానివారికి దానిని తెలుగున చెప్పవలెను. అవ్వ ‘అట్లయిన ఫలానావాడు ఫ్రూగలా, పిసినారియా?’ అని యడిగినచో, ఆ ప్రశ్నకంటె మంచి పరీక్ష యే పాఠశాలలోను దొరకదు.

సంవత్సరాంతమున బిడ్డకు ఐదువందల మాటలే రావచ్చును. పొరుగింటి బిడ్డ మూడువేలు లెక్కపెట్టవచ్చును. దానికి చింతింపవలదు. ఐదువందలును ఆ యింటిలో అందఱి సొమ్మైనచో, బ్యాంకు కాగితము వచ్చినప్పుడు తండ్రి వేలిముద్ర వేయుటకు ముందు ఒక ప్రశ్న అడుగును. ఆసుపత్రిలో తల్లి మఱియొక ప్రశ్న అడుగును. పెండ్లి మాట వచ్చినప్పుడు కూతురు తలయెత్తి ప్రత్యుత్తరమిచ్చును. పదసంపదకు ఇంతకంటె వేఱు ప్రయోజనమును నేను కానను.